క్వార్టర్ల వెనక కాపలా

ఆ కాలంలో మా నందలూరు చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా ఒకరు కువైట్‌లో ఉండేవారు, మిగతావాళ్లు కువైట్ పోవడానికి పాస్‌పోర్టు కోసం తిరుగుతూ ఉండేవారు. నేను పదో తరగతి ఇంగ్లీషులో తప్పి (ఒక్క ఇంగ్లీషే అని మా అమ్మ ఊరంతా చెప్పేది, లెక్కల సంగతి ఆమెకు నేను చెప్పలేదు) ఆరేడేళ్లు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాక, మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, తాను డ్రైవరుగా ఉన్న ఇంట్లోనే నాకూ వీసా ఇప్పించాడు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. లోకంలో నాకు తెలియనిది ఏదీ లేదన్న గట్టి నమ్మకం ఉండే వయసు. ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్ల చెవి పట్టుకుని నాలుగు వీధులు తిప్పాలనిపిస్తుంది. కానీ దాని తెలివితక్కువతనం వల్లే ఒక మనిషి ప్రాణాలతో ఇంటికి చేరాడు కాబట్టి వదిలేస్తున్నాను.

కువైట్‌లో పనివాళ్లు ఇంటి యజమానురాలిని 'మామా' అని పిలుస్తారు. మా ఇంట్లో దాంతో పెద్ద చిక్కే వచ్చింది. నేను వంటింట్లోంచి "మామా" అని కేకేస్తే పై అంతస్తులోంచి ఆమె, గేటు దగ్గర్నుంచి మా మామ ఇద్దరూ పలికేవారు. ఉల్లిపాయలు తెమ్మని అడిగితే ఆమె దిగి వచ్చేది, జీతం అడిగితే ఈయన వచ్చేవాడు. ఆ యజమానురాలు మామాకు ఒక్కగానొక్క కొడుకు. పదమూడేళ్లకే పొడుగూ వెడల్పూ సమానంగా ఉండేవాడు. మేం తెలుగులో వాడికి పాలడబ్బా అని పేరు పెట్టుకున్నాం. వాణ్ని సన్నగా చెయ్యడానికి వాళ్ల నాన్న ఎవరినో పట్టుకుని ఒక అమెరికావాడిని కోచ్‌గా జీతానికి కుదిర్చి, ఇంటి పక్కన ఉన్న రెండు గదుల ముల్హక్‌లో (యజమాని ఇంటికి ఆనుకుని కట్టే చిన్న ఇల్లు అది) దించాడు.

అమెరికావాడంటే తెల్లగా, సన్నగా, నీలం కళ్లతో దిగుతాడని నేను గాజు గ్లాసులు తుడిచి పెట్టుకుని కూర్చున్నాను. దిగినాయన మా మామ కంటే ఒక చెయ్యి ఎక్కువ నలుపు. నిలబడితే ముల్హక్ తలుపు కనిపించేది కాదు. నలభై ఐదేళ్లుంటాయి. నడిస్తే కుడి మోకాలు టక్కుమని చప్పుడయ్యేది. చేతి వేళ్లు ఒక్కొక్కటి ఒక్కో దిక్కు చూస్తుండేవి. మొదటి రోజే పదహారు కోడిగుడ్లు తిని, పళ్లెం తనే కడిగి పెట్టాడు. ఆ కడగడంతోనే నేను ఆయనకు భయపడటం మానేశాను. బండన్న అని పేరు పెట్టాను. ఆయన అది ఏదో గౌరవ పదం అనుకుని, ఎవరు పేరడిగినా "బండన్నా" అనే చెప్పేవాడు.

ఆయన వాగుడుకాయ. పాలడబ్బా పెరట్లో రెండుసార్లు పరిగెత్తి ఫ్రిజ్‌లోకి తలపెట్టగానే, బండన్న వంటింటి స్టూలు మీదికి చేరి తన కథంతా చెప్పేవాడు. నా పదో తరగతి ఇంగ్లీషు, ఆయనకొచ్చిన ఇరవై అరబ్బీ మాటలు, మధ్యలో మామ చేసే అనువాదం, వీటితో నడిచేది వ్యవహారం. ఎక్కడో పత్తి పండే ఊరట. వాళ్లమ్మ నాలుగిళ్లలో నేల తుడిచి ఈయన్ని పెంచిందట. పన్నెండేళ్లకే ఆ ఊళ్లో చెప్పులు సరిపోయేవి కావట. ఆ సైజు చూసి ఒక కాలేజీవాళ్లు ఫీజు లేకుండా చేర్చుకున్నారట. అక్కణ్నుంచి పెద్ద పెద్ద ఫుట్‌బాల్ టీముల్లో తొమ్మిదేళ్లు పని.

"తొమ్మిదేళ్లలో మూడు టీములు. ఒకరు నన్ను ఇంకొకరికి అమ్మేశారు," అన్నాడు.

"అంటే కఫీల్ మారినాడు మే," అని మామ నాకు విడమరచి చెప్పాడు. కువైట్‌లో మనల్ని పనిలో పెట్టుకుని, అక్కడ ఉండటానికి ఇఖామా అనే అనుమతి కొట్టించే ఆసామి కఫీల్. అది మాకు బాగా అర్థమైంది. మూడు కఫీళ్లు మారినా తొమ్మిదేళ్లు నెగ్గుకొచ్చాడంటే మెచ్చుకోవలసిన విషయమే.

కానీ ఫుట్‌బాల్ అన్నచోటే మాకు అనుమానం. కువైట్ వాళ్లకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం, మామ కూడా వాళ్ల పక్కన కూర్చుని చూసి చూసి నిపుణుడైపోయాడు. ఒకరోజు పాలడబ్బా బంతిని బండన్న వైపు తోశాడు. ఆయన కాలు ఎత్తి తన్నితే బంతి అక్కడే ఉంది, చెప్పు మాత్రం పక్కింటి గోడ దాటింది. మామ ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి గుసగుసగా, "ఈయప్ప ఫుట్‌బాల్ ఆడలేదు మే, అబద్ధం చెప్తాండాడు," అన్నాడు. నేను నేరుగా ఆయన్నే అడిగాను. తొమ్మిదేళ్లలో బంతిని ఎన్నిసార్లు తన్నావన్నా అని.

"ఒక్కసారీ తన్నలేదు. నా చేతికి కూడా ఒక్కసారే వచ్చింది. దాని మీద పడుకున్నా."

"ఆమీట?"

"నా మీద ఏడుగురు పడ్డారు. వేళ్లు అప్పుడే విరిగాయి."

"మరి నీ పనేంది?"

"గార్డ్," అన్నాడు, ఛాతీ ఉబ్బించి. "నేను గార్డ్‌ని. తొమ్మిదేళ్లు క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడా. ఒక్కణ్ని ముట్టనివ్వలేదు."

నాకు ఒక్క దెబ్బకు అంతా తేలిపోయింది. మాది నందలూరని చెప్పాను కదా. రైల్వే క్వార్టర్ల పక్కనే పెరిగినదాన్ని. ఆ క్వార్టర్ల వెనక బొగ్గు కుప్పకు ఒక గార్డు ఉండేవాడు. బొగ్గు తాత అనేవాళ్లం. చేతికర్రతో కుక్కి మంచం మీద కూర్చుని, మేం బొగ్గులు ఏరుకుపోకుండా తిట్టడం ఆయన పని. ఈయనా అంతే. ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఉండే క్వార్టర్లకు వెనకవైపు కాపలా. బంతి ఎత్తుకుపోవడానికి దొంగలొస్తే దాని మీద పడుకుని కాపాడాడు, ఏడుగురు కలిసి చితకబాదారు. పాపం, తొమ్మిదేళ్లు వాచ్‌మన్ పని చేసి, పరువు కోసం ఫుట్‌బాల్ ఫుట్‌బాల్ అని చెప్పుకుంటున్నాడు. (మామ మొదట ఒప్పుకోలేదు. గార్డంటే రైలు చివరి పెట్టెలో పచ్చజెండా ఊపే గార్డన్నాడు. మరి క్వార్టర్ బ్యాక్ ఎందుకొచ్చిందని నేను అడిగితే అప్పుడు ఒప్పుకున్నాడు.) ఆయన వేలికి ఒక లావుపాటి ఉంగరం ఉండేది, చుట్టూ అక్షరాలు, మధ్యలో రాళ్లు. ఒక ఏడు తన టీము అందర్నీ ఓడించిందట, అప్పుడు యజమాని అందరికీ ఇచ్చాడట. వాచ్‌మన్‌కు కూడా బంగారు ఉంగరం పెట్టిన ఆ యజమాని ఎంత పుణ్యాత్ముడో అని నేను మూడు రోజులు తలచుకున్నాను.

అప్పట్నుంచి బండన్న అంటే నాకు మరీ చనువు. వాచ్‌మన్ అంటే మనలో మనిషే కదా. మిద్దె మీద వడియాలు పెడితే పావురాల నుంచి కాపలాకు ఆయన్నే కూర్చోబెట్టేదాన్ని. "గార్డ్" అని కేకేసి వడియాలు చూపిస్తే చాలు, ఎంతో బుద్ధిగా వెళ్లి కూర్చునేవాడు. "క్వార్టర్ బ్యాక్ కాపలా కాసినోడివి, నాలుగు పావురాలు నీకో లెక్కా," అని హుషారు చేసేదాన్ని. అరబ్బీలో కాపలావాణ్ని హారిస్ అంటారని కూడా నేనే నేర్పాను. "యెస్, హారిస్," అని ఆనందపడ్డాడు. ఆయనకూ అది సరిగ్గానే వినిపించింది, నాకూ సరిగ్గానే వినిపించింది. ఇద్దరం చెరో లోకంలో ఉన్నామని ఇద్దరికీ తెలియదు.

ఇంకో సంగతి. మా అమ్మ ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత చింతపండు పంపేది. ఆమె ఉండ కట్టే తీరే వేరు. గింజలు తీసి, ఉప్పు వేసి దంచి, సంచిలో సందు లేకుండా సర్దుకోవడానికి రెండు కొసలా సన్నగా, మధ్యలో లావుగా, టెంకాయంత ఉండ చేసేది. బండన్న మొదటిసారి దాన్ని చూసినప్పుడు పగలబడి నవ్వాడు. చేతిలోకి తీసుకుని, ఆ వంకర వేళ్లతో పట్టుకుని, భుజం మీదికి ఎత్తి విసరబోయాడు. తినే వస్తువుతో ఆటలేందని లాక్కున్నాను. ఆయన చాలాసేపు దాని వంక చూస్తూనే ఉన్నాడు. ఆకలేమో అనుకుని గుడ్లు ఉడకబెట్టాను.

ఎండాకాలం సెలవలకు మామా, ఆమె భర్త, పాలడబ్బా లండన్ పోయారు. ఇంట్లో మామ, నేను, బండన్న మిగిలాం. ఆగస్టు మొదట్లో ఒక పొద్దున మామ రొట్టెల కోసం పోయి, రొట్టెలు లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"మే, ట్యాంకులు వచ్చినాయి. రింగురోడ్డు మీద వరసగా నిలబడుండాయి."

నేను బిందెలు, బకెట్లు తీసుకుని గేటు దగ్గరికి పోయాను. మా వీధిలో రెండు రోజులుగా నీళ్లు సన్నగా వస్తున్నాయి.

"నీళ్ల ట్యాంకులు కాదు మే, ఇరాకోళ్లవి. ఫిరంగులుండాయి. లోపలికి పద."

నేను బకెట్లతోనే లోపలికి వచ్చాను. ఆ రోజంతా ఆకాశంలో చప్పుళ్లు. మూడు వారాల్లో దుకాణాలు ఖాళీ, ఏసీలు ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. మనవాళ్లు, తామెక్కువగా ఉండే అబ్బాసియా పేటలో గుంపులు గుంపులుగా బస్సులెక్కి, బస్రా మీదుగా బాగ్దాద్, అక్కణ్నుంచి జోర్డాన్ పోతున్నారు. అక్కడికి పోతే విమానం వస్తుందట. మాకు భారతదేశం పాస్‌పోర్టు ఉంది, మమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. కానీ అమెరికా వాళ్లను మాత్రం ఇంటింటికీ వెతికి పట్టుకుపోతున్నారని, బాంబులు పడకుండా కార్ఖానాల్లో అడ్డంగా పెడుతున్నారని పుకారు వచ్చింది. తర్వాత అది పుకారు కాదని తెలిసింది.

"మనం పోదాం మే. బస్సులో మనోళ్లు రెండు సీట్లు పట్టిపెడతామన్నారు," అన్నాడు మామ.

"బండన్నకు?"

"ఆయన్ను బస్సెక్కిస్తే మొదటి చెక్‌పోస్టులోనే దించుకుంటారు."

"అయితే ఆయనకు కూడు ఎవరు పెడ్తారు?"

మామ నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నాకు భయం లేదని కాదు. మా అమ్మ గుర్తొస్తే ఏడుపొచ్చేది. కానీ నాలుగిళ్లలో నేల తుడిచి ఈయన్ని పెంచినామె ఒకతె ఎక్కడో రేడియో దగ్గర కూర్చుని ఉంటుందని తోచి, ఆ ఆలోచన నన్ను వదల్లేదు. నేల తుడిచేవాళ్ల పిల్లల్ని నేల తుడిచేవాళ్లే చూసుకోవాలి కదా. మేం ఆగిపోయాం. మామ మాత్రం రోజూ పొద్దున పళ్లు తోముకుంటూ ఒకసారి, అన్నం తింటూ ఒకసారి నన్ను తిట్టేవాడు.

ఆగాం కాబట్టి ఆయన్ని దాచే పని మొదలైంది. ఆయన పాస్‌పోర్టును మామ డబ్బాలో పెట్టి పెరట్లో పాతేశాడు. మామ లుంగీలు ఆయన నడుముకు సగం దూరమే వచ్చేవి. రెండు లుంగీలు కలిపి నేను కుట్టాను, ఒకటి నీలం గళ్లు, ఒకటి ఎర్ర గళ్లు. తలకు గుడ్డ చుట్టాం. ఎవరైనా అడిగితే సూడాన్ దేశం మనిషి, పుట్టుమూగ అని చెప్పాలని ఒప్పందం. ఆ మూగతనమే కష్టమైంది. ఇరవైనాలుగ్గంటలూ వాగే మనిషి నోరు మూసుకుంటే ముక్కులోంచి పాట వచ్చేది. చివరికి ఉంగరం. దాని మీదున్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలే, లోపలివైపు ఆయన పేరు. అది వేలికుంటే మూగతనం, సూడాన్ రెండూ దండగే. విరిగి అతికిన వేలు కాబట్టి కణుపు దగ్గర ఉంగరం దిగదు. సబ్బు రాశాం, ఐసు పెట్టాం, చివరికి నేను ఆముదం పోసి, గుంజకు కాలు తన్ని లాగితే ఊడింది. నేను వెనక్కి పడ్డాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికేమో అనుకున్నాను.

పిండిలో దాద్దామన్నాడు మామ. సైనికులు పిండి ఎత్తుకుపోతున్నారు, చింతపండు ఏ సైనికుడు దోచుకుంటాడు, అని నేను వాదించి, మా అమ్మ పంపిన ఉండను మధ్యకు చీల్చి, ఉంగరం పెట్టి, మళ్లీ నొక్కేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం రెండు వారాలు నిలిచింది. ఒకరోజు పొద్దున మామ బియ్యం కోసం అబ్బాసియా పోయాడు. ఏసీ లేక వంటింట్లో తడి పట్టి, చింతపండుకు బూజు వస్తుందేమోనని నేను ఉండను పెరట్లో చేటలో ఎండబెట్టాను. పక్కన నీడలో బండన్న స్టూలు మీద కూర్చుని పావురాలను తోలుతున్నాడు. గేటు గడియ చప్పుడైంది. మామే అనుకుని నేను తల కూడా ఎత్తలేదు. ఎత్తేసరికి కళ్లజోడు పెట్టుకున్న ఆఫీసరు ఒకడు, ముగ్గురు సైనికులు పెరట్లో ఉన్నారు. నాకు తెలియకుండానే చేటలోంచి చింతపండు ఉండ తీసి గుండెకు కరుచుకున్నాను.

ఆఫీసరు బండన్నను కిందినుంచి పైదాకా చూశాడు. చూడటానికి కొంతసేపు పట్టింది.

"ఇతనెవరు?"

"హారిస్," అన్నాను.

"ఏ దేశం?"

"సూడాన్."

అతను బండన్నను అరబ్బీలో ఏదో అడిగాడు. బండన్న ఆకాశం వంక చూశాడు.

"మాట్లాడడా?"

"మూగ."

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మూగవాణ్ని ఎవరైనా కాపలా పెట్టుకుంటారా? దొంగ వస్తే ఎలా అరుస్తాడు?"

అది నిజంగా మంచి ప్రశ్న. మా మామకు గానీ నాకు గానీ ఇన్నాళ్లూ తట్టలేదు. నాకు అబద్ధం చెప్పడం చాతకాదు. చెబితే చెవులు ఎర్రబడతాయి, మాట తడబడుతుంది. సూడాన్, మూగ అన్న రెండు మాటలకే నా పని అయిపోయింది. కానీ కాపలావాడు కాదంటే మాత్రం ఎక్కడ లేని రోషం వచ్చింది. అది అబద్ధం కాదు కదా. నాకొచ్చిన అరబ్బీ అంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"హారిస్ కాదా? తొమ్మిదేళ్లు హారిస్. తొమ్మిదేళ్లు. క్వార్టర్ వెనక. ఒక్క దొంగ రాలేదు. అరవడమెందుకు, మీద పడుకుంటాడు. చూడు," అని బండన్న చెయ్యి లాగి వేళ్లు చూపించాను. "ఏడుగురు దొంగలు. వేళ్లు ఖలాస్. మోకాలు ఖలాస్. వస్తువు మాత్రం ఇవ్వలేదు. ముగ్గురు కఫీళ్లు. అందరూ మంచివాడన్నారు. నువ్వు వచ్చి హారిస్ కాదంటావా?"

బండన్న లుంగీ కాస్త పైకెత్తి మోకాలి మీది రెండు పొడుగాటి కుట్లు చూపించాను. ముగ్గురు సైనికులూ వంగి చూశారు. ఒకడు 'అయ్యో' అన్నట్టు నాలుకతో చప్పుడు చేశాడు. ఆఫీసరు నా మొహం వంక చాలాసేపు చూశాడు. అక్కడ అతనికి అబద్ధం కనబడలేదు. కనబడటానికి అక్కడ లేదు.

అంతా సర్దుకుందనుకున్న సమయంలో ఆ ముగ్గురిలో చిన్నవాడి కళ్లు నా గుండె మీది ఉండ మీద పడ్డాయి. "తమర్ హింది," అన్నాడు, మొహం వెలిగిపోయి. అరబ్బులు చింతపండును అలాగే అంటారు. ఎండాకాలంలో దాన్ని నానబెట్టి, పంచదార వేసి షర్బతు చేసుకుంటారు. మామా ఇంట్లో నేనే వందసార్లు చేశాను. ఏ సైనికుడు దోచుకుంటాడని మామతో వాదించిన రోజు ఈ షర్బతు నాకు ఎందుకు గుర్తురాలేదో దేవుడికి తెలియాలి. వాడు చెయ్యి చాపి ముందుకొచ్చాడు. నేను వెనక్కి జరిగాను. వాడు నవ్వుతూ ఇంకో అడుగు వేశాడు. ఆ ఉండను నీళ్లలో వేస్తే పావుగంటలో ఉంగరం పైకి తేలదు గానీ, బండన్న బతుకు మాత్రం మునిగిపోతుంది.

అప్పుడు బండన్న స్టూలు మీంచి లేచాడు. నాకు, ఆ సైనికుడికి మధ్యన వచ్చి, నాకు వీపు పెట్టి, రెండు మోకాళ్లు వంచి, ఒక చెయ్యి నేలకు ఆనించి, తల ఎత్తి, ఆ సైనికుణ్ని చూస్తూ ఉండిపోయాడు. కప్పలాగా ఎందుకు కూర్చున్నాడో ఎవరికీ తెలియలేదు. సైనికుడి చెయ్యి గాల్లోనే ఆగింది. నాకైతే ఆయనకు కడుపులో నొప్పి వచ్చిందనిపించింది. నిమిషం అయింది. ఆయన కదల్లేదు. నుదుటి మీద చెమట ధార కట్టింది. అప్పుడు నాకు తెలిసింది, కుడి మోకాలు పట్టేసింది, మనిషి లేవలేకపోతున్నాడు.

"హారిస్ మోకాలు ఖలాస్," అన్నాను ఏడుపు గొంతుతో.

మొదట ఆ చిన్న సైనికుడే నవ్వాడు. తర్వాత మిగతా ఇద్దరూ. చివరికి ఆఫీసరు కూడా కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. ముగ్గురు సైనికులూ తుపాకులు గోడకు ఆనించి, యల్లా యల్లా అనుకుంటూ ఆయన్ని పట్టి లేపారు. మూడోసారికి లేచాడు. వీపు తట్టి స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆఫీసరు నాతో, ముసలివాణ్ని ఎండలో కూర్చోబెట్టవద్దని చెప్పాడు. నేను లోపలికి పరిగెత్తి, వంటింటి డబ్బాలో ఉన్న వేరే చింతపండుతో షర్బతు కలిపి తెచ్చాను. నలుగురూ తాగారు. బండన్నకు కూడా ఒక గ్లాసు ఇప్పించారు. తర్వాత మామా హాల్లోని పెద్ద టీవీ ఎత్తుకుని, గేటు జాగ్రత్తగా మూసి వెళ్లిపోయారు.

మామ తిరిగొచ్చేసరికి నేను వంటింటి గచ్చు మీద కూర్చుని బండన్న మోకాలికి నువ్వుల నూనె మర్దన చేస్తున్నాను. బండన్న కళ్లు మూసుకుని, చాలా రోజుల తర్వాత నోరు తెరిచి మెల్లగా అన్నాడు.

"నోబడీ టచ్డ్ మై క్వార్టర్‌బ్యాక్."

నేను మామ వైపు తిరిగి, "పాపం, మతి తప్పినట్టుంది. ఇంకా ఆ క్వార్టర్ల కాడే ఉండాడు," అన్నాను. తర్వాత ఆయనకు ధైర్యం చెప్పడానికి, నా ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "నో బ్యాక్ అన్నా. అందరూ ముందు గేటు నుంచే వచ్చినారు," అన్నాను. ఆయన కళ్లు తెరిచి నా వంక చూసి, అవునన్నట్టు తలూపి నవ్వాడు.

చలికాలం మొదట్లో, విదేశీయులందరినీ వదిలేస్తున్నారని రేడియోలో వచ్చింది. మూడు రోజులు నమ్మలేదు. నాలుగో రోజు మామ డబ్బా తవ్వి పాస్‌పోర్టు తీశాడు. నేను ఉండ చీల్చి ఉంగరం తీసి ఇచ్చాను. నెలల తరబడి చింతపండులో ఊరి అది కొత్త దానిలా తళతళలాడింది. ఆయన దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించి, పులుపుకు మొహం ముడుచుకుని, తర్వాత వేలికి తొడుక్కున్నాడు. గేటు దగ్గర నాకు దుఃఖం ఆగలేదు. ఈ వయసులో, ఈ మోకాలితో, ఈయనకు కాపలా పని ఎవరిస్తారు? "అన్నా, యాడా పని దొరక్కపోతే మా నందలూరు రా. రైల్వే క్వార్టర్ల కాడ చెప్పి పెట్టిస్తా," అన్నాను. మామ అనువాదం చేశాడు. బండన్న నవ్వలేదు. ఆ వంకర వేళ్లను నా నెత్తిన పెట్టి, "ఇన్షా అల్లా, సిస్టర్," అన్నాడు. ఆ తర్వాత వారానికి మేమూ జోర్డాన్ దారి పట్టాం.

కువైట్ మళ్లీ కుదురుకున్నాక మామా కబురు పెట్టింది. నేను తిరిగి అదే ఇంటికి వచ్చాను. కొన్నేళ్లకు పాలడబ్బా అమెరికాలో చదువు ముగించుకుని, ఇంకో రెండు డబ్బాలు పెరిగి, ఒక పెట్టె నిండా వీడియో క్యాసెట్లతో దిగాడు. ఒక సాయంత్రం హాల్లో ఏదో ఆట పెట్టుకుని చూస్తుంటే నేను టీ తీసుకుపోయాను. తెర మీద బండల్లాంటి మనుషులు వరసగా మోకాళ్లు వంచి, ఒక చెయ్యి నేలకు ఆనించి కూర్చున్నారు.

"వీళ్లందరికీ మోకాళ్లు పట్టేసినాయా?" అన్నాను.

పాలడబ్బా నవ్వి, చెప్పాడు. ఇది అమెరికా ఫుట్‌బాల్. ఇతను గార్డ్. బంతి ముట్టుకోడు, వెనకున్న మనిషి మీద ఎవరూ పడకుండా అడ్డం నిలబడటమే ఇతని పని. మన కోచ్ తొమ్మిదేళ్లు అదే ఆడాడు, అక్కడ ఆయన పేరు చెబితే ముసలివాళ్లు ఇప్పటికీ లేచి నిలబడతారు.

"వెనకున్న మనిషా? ఎవరది?"

"క్వార్టర్‌బ్యాక్."

గార్డు వెనక ఒక సన్నపాటి మనిషి నిలబడి ఉన్నాడు. గోధుమ రంగులో, రెండు కొసలా సన్నగా, మధ్యలో లావుగా ఉన్న ఉండ ఒకటి గుండెకు కరుచుకుని, బెదురు చూపులు చూస్తూ వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. నేను ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. టీ చల్లారిపోయిందని పాలడబ్బా మళ్లీ పెట్టమన్నాడు.

వంటింట్లోకి వచ్చి, నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియక, స్టవ్ వెలిగించడం కూడా మరిచిపోయి కూర్చున్నాను. నందలూరు క్వార్టర్ల దగ్గర ఉద్యోగం ఇప్పిస్తానన్నానే, ఆ మనిషికి. పావురాలకు కాపలా పెట్టానే. ఆ రోజు గచ్చు మీద కూర్చుని ఆయన తన జీవితంలోకెల్లా పెద్ద మాట నాతో అంటే, అందరూ ముందు గేటు నుంచే వచ్చినారని సర్దిచెప్పిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల మీద ఇప్పుడు కోపం కూడా రావడం లేదు. కువైట్ వదిలేసి ఊళ్లోనే ఉంటున్నాను, ఏటా చింతపండు నేనే దంచుతాను. ఉండను రెండు కొసలా సన్నగానే చేస్తాను. ఎందుకలా అని కోడలు అడిగితే, సంచిలో సర్దుకుంటుందని చెబుతాను.